గుట్ట మీద పొగ

ఏప్రిల్ 7, 1972. లారెల్ ఫోర్క్, వెస్ట్ వర్జీనియా
మే ఆఖరి ఆదివారం మావాళ్లంతా గుట్టెక్కి సమాధులకు పూలు పెట్టి, అక్కడే తిని, పాడతారు. ఈలోగా తుప్పలు కొట్టాలి. ఒలీటా అత్త మొగుడు హోబర్ట్ మామయ్య కలుపు మందు డబ్బా తెచ్చాడు. అడ్డంగా నిలబడ్డాను. నేల చచ్చిపోతుందని అరిచాను, కలుపు మందులు వద్దని అచ్చేసిన కరపత్రం మొహాన పెట్టాను. మరి తగిలితే బొబ్బలెక్కే పాయిజన్ ఐవీని నీ కాగితంతో విసిరి తోలతావట్రా అన్నాడు. మూడాకుల మొక్క, నాకు తెలుసు, ఒక్క ఆకు చూపించమన్నాను. ఈ నెలలో ఆకులెక్కడివిరా వెర్రోడా అని వెళ్లిపోయాడు. ఓడినవాడి మాట అనుకున్నాను.

ఏప్రిల్ 8
ఒక్కడినే తుప్పలు కొట్టాను. ఓక్ చెట్టుకు పాకిన బొచ్చు తాడులాంటిదొకటి, మణికట్టంత లావు. కంచె పక్కన మోకాలెత్తు పుల్లలు, నిటారుగా. తాతయ్య సమాధి రాయి చుట్టూ సన్నటి తీగలు. ఎక్కడా ఆకు లేదు. కుప్పేసి అంటించాను. అత్త మంట పక్కనే కూర్చుని పాటలు సాధన చేసింది. ఏటా మొదటి చరణం ఎత్తేది ఆమే. ఆమె ఎత్తందే ఎవరూ నోరు తెరవరు. గాలి తిరిగింది, జరగమన్నాను. నా గొంతు నీ పొగకు బెదిరేది కాదురా, ఇంకో నాలుగు పుల్లలెయ్యి అంది.

వేశాను.

ఏప్రిల్ 9
చేతులు ఒకటే దురద.

ఏప్రిల్ 10, సాయంత్రం
అత్తకు ఊపిరాడటం లేదు. హాస్పిటల్లో ఉంది. డాక్టర్ నా బొబ్బలు చూసి ఏం కాల్చావన్నాడు. చెప్పాను. బొచ్చు తాడూ, పుల్లల పొదా, నేల తీగా అన్నీ ఒకటే మొక్కనీ, ఆకు రాలినా విషం పోదనీ, పొగైతే నేరుగా ఊపిరితిత్తుల్లోకేననీ అన్నాడు. ఇంట్లోవాళ్లకు నేనే చెప్తానన్నాను.

వరండాలో మామయ్య ఏడుస్తున్నాడు. శుక్రవారం నాకు తెలియకుండా గుట్ట గేటు దగ్గర కలుపు మందు చల్లాడట. నువ్వు మొత్తుకుంటూనే ఉన్నావు, నేనే మీ అత్తను చంపుకుంటున్నాన్రా అన్నాడు. మంటలో తీగలేమైనా వేశావా అనీ అడిగాడు.

ముళ్లకంపే అన్నాను. చేతులు జేబుల్లో పెట్టుకుని.

ఏప్రిల్ 22
అత్త ఇంటికొచ్చింది. గొంతు రాలేదు. మామయ్య నా కరపత్రం అడిగి తీసుకుని వంటింటి గోడకు అంటించాడు. ఆ ఇంట్లో కాఫీ తాగలేకపోయాను.

మే 28
గుట్ట మీద పాటెత్తడానికి అత్త నోరు తెరిచింది. గాలి వచ్చింది, అంతే. జనం ఇంకా ఎదురుచూస్తున్నారు. మామయ్య లేచి, తప్పు నాది, కుర్రాడి మాట వినుంటే అని అందరి ముందూ మొదలెట్టాడు. ఎవరో నా భుజం తట్టారు. ఆ చెయ్యి తోసేసి అరిచాను, కాల్చింది నేనని, ఐవీ అని, హాస్పిటల్లోనే తెలుసని. పళ్లాలు పట్టుకున్నవాళ్లు అలాగే ఉండిపోయారు. నేను ఏడుస్తున్నప్పుడు కూడా తెలుసా అని మాత్రం అడిగాడు మామయ్య.

తెలుసన్నాను.

మే 29
మామయ్య వచ్చాడు. గుట్ట అవతలి వైపుకు తీసుకెళ్లాడు. చెట్టు మీది బొచ్చు తాడు చూపించాడు. పొద చూపించాడు. నేల మీది తీగ చూపించాడు. ప్రతిసారీ, నేను పేరు చెప్పేదాకా కదల్లేదు.