ప్లాంటు సరుకు హోస్ పైపు

భిలాయి, సెక్టర్ 4,
సెప్టెంబరు 20.

చిరంజీవి కుసుమకు నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేనూ అమ్మా క్షేమంగానే ఉన్నాం. వాన పడితే అమ్మకి మోకాలు నొప్పి, వాన వెలిస్తే ఆ ఊసే ఉండదు. వడోదరలో నీ మెస్సు తిండి కాస్తయినా బాగుపడిందా? అమ్మ నీకోసం నువ్వుల పొడి కొట్టి డబ్బాలో పెట్టింది, ఎవరైనా అటు వస్తే పంపుతాం.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో నువ్వు ఎదురు ప్రశ్న వేస్తే నేను మాట దాటేస్తాను. కాగితం మీద అలా కుదరదు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. రిటైరయ్యాక నేను చేరిన కుమ్హారి యార్డులో మన ముసలి లోడర్ మిషను బ్రహ్మాండంగా నడుస్తోంది. నువ్వు చెప్పినట్టే వంద లీటర్లలో ఇరవై బయోడీజిల్, మిగతాది మామూలు డీజిల్. పొగ తగ్గింది. మొదటి వారంలోనే ఫిల్టర్ నల్లటి మడ్డితో మూసుకుపోతే డ్రైవర్లు కంగారుపడ్డారు, నేను పడలేదు. ముప్పై ఏళ్లుగా ట్యాంకు అడుగున పేరుకున్న మురికిని ఈ నూనె కడిగేస్తుందని నువ్వు ముందే రాశావుగా. కొత్త ఫిల్టర్లు దగ్గరే పెట్టుకున్నాను, మూడోది వేశాక మళ్లీ మూసుకోలేదు. చలికాలంలో పాళ్లు తగ్గిస్తావా అని అడిగావు. చలికి ఈ నూనె గడ్డకడుతుందిగా, డిసెంబరు రాగానే పదికి దించుతాను. నలభై ఏళ్లు స్టీల్ ప్లాంటు గ్యారేజీలో డంపర్లతో కాపురం చేసినవాణ్ణి, ఇదొక లెక్కా.

ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. ఇంజనుకి నూనె వెళ్లే హోస్ పైపులు మార్చావా అని. మార్చానని ఫోన్లో చెప్పాను. అది అబద్ధం కాదు, నిజం కూడా కాదు.

ఆగస్టులో ఒకరోజు లోడర్ నిండు బకెట్టుతో ర్యాంపు ఎక్కుతూ సగంలో ఆగిపోయింది. యార్డు యజమాని సేఠ్ నా మొహం చూశాడు. నేను నూనెలో వేలు ముంచి, వాసన చూసి, "మాల్ మే గడ్‌బడ్ హై" అన్నాను. సరుకే బాగోలేదని తేల్చేశాను. అంతే, ఆ సాయంత్రమే కృష్ణమోహన్ డ్రమ్ములు వెనక్కి పంపేశారు. నువ్వు కుదిర్చిన మనిషే కదా. దుర్గ్ హోటళ్లలో వాడేసిన నూనె పోగుచేసి, చిన్న షెడ్డులో బయోడీజిల్ తీసి, ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్నాడు. మర్నాడు యార్డుకి వచ్చాడు.

"నా నూనెలో తప్పేటో సూపించండి బాబాయ్. ఉంటే నానే పారబోస్తాను" అన్నాడు.

"నలభయ్యేళ్ల సెయ్యి ఇది. నీకు సూపించక్కర్లేదు" అన్నాను.

అతను వెళ్లిపోయాడు.

తర్వాత మూడు వారాలు ఉత్త డీజిల్ మీదే నడిపాం. అయినా లోడర్ అదే ర్యాంపు మీద మళ్లీ ఆగింది. అప్పుడు హోస్ పైపు విప్పాను. ఉబ్బిపోయి, వేలికి జిగురుగా అంటుకుంది. పట్టు వదిలి గాలి పీలుస్తోంది, ఇంజనుకి నూనె అందక ఆగింది అందుకే.

ఆ పైపు ఎక్కడిదో తెలుసా? నేను రిటైరైన ఏడాది ప్లాంటు వేలంలో కొన్న కట్టలోది. సీలు కూడా విప్పకుండా మంచం కింద దాచుకున్నాను. మన ప్లాంటు వాళ్లకి బజారు సరుకంటే చిన్నచూపు కదా. పాత రకం రబ్బరు ఈ నూనెకి ఆగదు, రాయ్‌పూర్‌లో కొత్త రకం అడిగి కొను అని నువ్వు స్పష్టంగా రాశావు. చదివాను. ప్లాంటు సరుకుని మించింది ఏముంటుందిలే అనుకుని పాత సీలు కోసి బిగించాను. తప్పు నాది, నింద అతనిది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. "అన్నం ముందు కూకుని ఏటి సూస్తన్నారు?" అని అమ్మ అడిగినా చెప్పలేదు.

విశ్వకర్మ పూజ నాడు మా యార్డులో ఏ మిషనూ స్టార్ట్ చెయ్యరు. అందరికన్నా పాత చెయ్యి కొబ్బరికాయ కొట్టాలి. కాయ నా చేతికిచ్చారు. దాన్ని కింద పెట్టి, ఇరవై మంది ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను.

"పూజా కే దిన్ యే సబ్ క్యోఁ, ఉస్తాద్?" అన్నాడు సేఠ్, పూజ రోజున ఇదంతా ఎందుకని. యార్డులో అందరూ నన్ను ఉస్తాద్ అనే పిలుస్తారు.

"డ్రమ్ములు అందరి ముందే కదా వెనక్కి పంపింది" అన్నాను.

సేఠ్ అక్కడి నుంచే కృష్ణమోహన్‌కి ఫోన్ చేశాడు. మర్నాడు డ్రమ్ములు వచ్చాయి. కొత్త రకం పైపులు రాయ్‌పూర్ నుంచి తెచ్చి బిగించాను. లోడర్ ఇప్పుడు ర్యాంపు ఆగకుండా ఎక్కుతోంది. ఈ నూనె ముసలి మిషన్లకి పనికొస్తుందని ఎవరితోనైనా ధైర్యంగా చెబుతాను.

కానీ కుసుమా, సరుకు బాగోలేదని ఉస్తాద్ అన్నాడంటే నిజమేనని ఇంకో రెండు యార్డులు కూడా కృష్ణమోహన్ సరుకు మానేశాయట. ఆ రెండు చోట్లకీ వెళ్లి చెప్పాను. ఒకళ్లు ఒప్పుకున్నారు, రెండోవాళ్లు చూద్దామన్నారు. కృష్ణమోహన్ మన యార్డులో డ్రమ్ములు దించినప్పుడు, "సంతకం పెట్టండి సార్" అన్నాడు. ఇన్నాళ్లూ బాబాయ్ అనేవాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మా నాన్న మంచివాడని నువ్వు అతనికి ఫోన్ చెయ్యకు. ఆ రెండో యార్డు మళ్లీ అతని డ్రమ్ములు దించుకునేదాకా రోజూ వెళ్తాను. అప్పటిదాకా సార్ అనే పిలవనీ.

ఇట్లు,
నీ మాట సగమే విన్న నాన్న,
తిరుమలరావు