గొడుగు కింద ఎండ

కార్ఖానా,
2012 నవంబరు

జకర్యా మావయ్యగారికి వందనాలు.

మన చర్చి క్వాయర్‌లో నా చోటు దేవకృపకి ఇచ్చారని తెలిసి ఏడ్చాను. కానీ తప్పు మీది కాదు, పాట మధ్యలో ఆయాసపడేది నేనే. దుమ్ము పడదని కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఉన్నానా, డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, ఆస్తమాకి తోడు విటమిన్ డి కూడా బాగా తక్కువుందంది. ఇన్‌హేలర్ మానొద్దు, మాత్రలు వేసుకో, రోజూ కాసేపు ఎండలో కూర్చో అంది. కూర్చున్నాను. మళ్లీ వెళ్తే, "ఎలా కూర్చుంటున్నావమ్మా?" అని అడిగింది. "నల్లబడతానని గొడుగేసుకుని, స్కార్ఫు కట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుని" అన్నాను. ఆవిడ నవ్వాపుకోలేక కుర్చీలో వెనక్కి వాలిపోయింది!

ఇప్పుడు గొడుగు మానేశాను. గొట్టంలోకి ఊదే పరీక్షలో మొన్న నా ఊపిరి బాగా పెరిగింది. నిన్న డాబా మీద క్రిస్మస్ పాట ఎక్కడా ఆగకుండా పాడితే, కింద వాటాలో కామేశ్వరమ్మగారు రేడియో అనుకున్నారట.

దేవకృపను తీసెయ్యకండి, పాపం. దాని పక్కన నన్నూ నిలబెట్టండి. ప్రాక్టీసు మాత్రం ఆ దుమ్ము తివాచీల హాల్లో వద్దు, బయట మెట్ల మీద ఎండలో పెట్టండి. అమ్మాయిలు గొడుగులు తెస్తే మీరే లాక్కోవాలి.

ఇట్లు,
నల్లబడిన మీ మేనకోడలు