మీటింగులో నా వెనక నువ్వు

అత్తా, వందనాలు.

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి రేపటికి నాలుగు నెలలు. నేను నిన్ననే నర్సీపట్నం వచ్చాను. రేపు ఇంట్లో నీ జ్ఞాపకార్థ కూడిక. నాన్న పొద్దుటి నుంచీ కుర్చీలనీ, షామియానా అనీ తిరుగుతూనే ఉన్నాడు. చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి కదా, ఒక్కచోట కూర్చోలేకపోతున్నాడు.

నేను మేడ మీద మన గదిలో, కిటికీ పక్కన నీ పీట మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పీట ఇంకా ఊగుతూనే ఉంది. దీని మీద గంటలకొద్దీ ఎలా కూర్చునేదానివే...

ఆ ఫొటో గుర్తుందా నీకు? ఐర్లండ్‌కి చదువుకోడానికి బయల్దేరే ముందు ఈ గదిని ఫోన్లో తీశాను. వైజాగ్ కంపెనీ ఉద్యోగం వదులుకోవడం నాకిష్టం లేదు. ఇంటి నుంచే చేసే పని, అలవాటైన మనుషులు. స్టూడెంట్ వీసా మీద వెళ్తున్నానని తెలిస్తే మా మేనేజరు సార్ తీసేస్తారేమోనని భయం. అందుకే నోరు విప్పలేదు. అక్కడికెళ్ళాక మీటింగుల్లో నా వెనక ఈ ఫొటో పెట్టుకునేదాన్ని. గది సర్దలేదు, అందుకే ఫొటో అని చెప్పేదాన్ని. గ్రేసు నర్సీపట్నంలోనే ఉందని అందరూ నమ్మారు.

ఆ ఫొటోలో నువ్వూ పడ్డావు. కాస్త జరగమంటే జరిగితేగా!

"నానేటి సేత్తన్నానే? నా కుట్టు నాను కుట్టుకుంతన్నాను. తీసుకో బేగి."

తల వంచుకుని ఉన్నావు. ఒళ్ళో ఎవరిదో ఆకుపచ్చ జాకెట్టు, దానికి హుక్కులు కుడుతున్నావు. తరవాత సంగతి తెలిసి ఫోన్లో ఎన్ని చీవాట్లు పెట్టావు నన్ను!

"అబద్దాన్ని ఇంట్లో ఎట్టుకుంటే దానికి రోజూ కూడెట్టాలే గ్రేసూ. సార్‌కి సెప్పీ."

నాకు నవ్వొచ్చింది అప్పుడు. చెప్పలేదు.

అక్కడ పొద్దున్న తొమ్మిదికి మీటింగు. కిటికీ బయట సన్నటి జల్లు, ఎటు చూసినా బూడిద రంగు. తెర మీద మాత్రం నర్సీపట్నం మధ్యాహ్నం, నీ భుజం మీద ఎండ. సార్ ఏదో చెబుతుంటే నేను నిన్నే చూస్తూ ఉండిపోయేదాన్ని. సూది కదిలినట్టుండేది. ఇంకో హుక్కు అయిపోయినట్టుండేది. ఇప్పుడు తలెత్తి కాఫీ పెట్టమంటావనిపించేది. నేను ఏ ఊళ్ళో ఉన్నట్టు అత్తా? ఆ చలి గదిలోనా, నీ పక్కనా? తెర మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. లాప్‌టాప్ వేడేనని తెలుసు. అయినా తీసేదాన్ని కాదు.

మా టీములో మాధవి గారని ఒకావిడ. రోజూ మీటింగు మొదట్లో ఫొటోలో ఉన్న నీకు నమస్కారం పెట్టి, అత్తయ్యగారు బాగున్నారా అని అడిగేవారు.

నువ్వు పోయిన రోజు నాన్న ఫోన్లో చూపించాడు. పెట్టెలో, తెల్లచీరలో నువ్వు... మర్నాడు పొద్దున్నే మీటింగులో కూర్చున్నాను. కళ్ళు అలా ఉన్నాయేమని సార్ అడిగితే జలుబన్నాను. చెబితే ఏమవుతుంది? మాధవి గారు వైజాగ్‌లో బస్సెక్కి పలకరించడానికి వచ్చేస్తారు. మనవైపు చావు కబురు విని ఆగిపోయే మనుషులెవరు? తీరా వస్తే ఇంట్లో నేనెక్కడ? అందుకని ఆవిడ ఎప్పట్లాగే అడిగితే, బాగున్నారండీ అన్నాను.

నిన్ను మట్టిలో పెట్టిన మర్నాడు అత్తా. ఆ తరవాత రోజూ అదే మాట. సిగ్గేసేది నాకు. అయినా ఆ మాట అన్నంతసేపూ నువ్వు నిజంగానే బాగున్నట్టుండేది. అందుకు కూడా చెప్పలేదేమో... నాకే తెలియదు.

ఈ మధ్యాహ్నం ఈ గదిలోంచే మీటింగులో చేరాను. అసలు గదే ఉండగా ఫొటో ఎందుకులే అనుకున్నాను. నీ పీట ఖాళీగా కనపడుతుందని తట్టలేదు! ఇవాళ గది సర్దినట్టున్నారే, అత్తయ్యగారేరీ అని మాధవి గారు నవ్వుతూ అడిగారు.

వెనక్కి తిరిగి చూశాను. కిటికీలోంచి ఎండ పడుతోంది, నువ్వు లేవు. మళ్ళీ బాగున్నారని చెబుదామనుకున్నాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. పోయారండీ, నాలుగు నెలలైందండీ అన్నాను. అని అందరి ముందూ ఏడ్చేశాను. ఏడుస్తూనే మొత్తం చెప్పేశాను. ఐర్లండ్ సంగతి, వీసా సంగతి. స్టూడెంట్లు వారానికి ఇన్ని గంటలే పని చెయ్యాలని అక్కడ రూలు. ఈ పని అందులోకి వస్తుందో రాదో కాలేజీలో అడగడానికి కూడా భయపడ్డానని చెప్పాను.

సార్ అంతా విన్నారు. తరవాత, మొదటి నుంచీ జరిగిందంతా రాసి పంపమన్నారు. పైవాళ్ళని అడగాలట, తన చేతుల్లో లేదట. తిట్టినా బాగుండేది. మాధవి గారు కెమెరా ఆపేసుకున్నారు. కాసేపటికి ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, రేపు కూడిక ఎన్ని గంటలకని.

రేపు ఆవిడ వస్తే ఏ మొహం పెట్టుకుని ఎదురెళ్ళను?

ఇది ముగించి సార్‌కి రాస్తాను. తిరిగి వెళ్ళగానే కాలేజీ ఆఫీసులోనూ అడుగుతాను. ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో... ఏదైనా కానీ. నువ్వు బాగున్నావని మాత్రం ఇంకెవరికీ చెప్పనత్తా.

నీ మేనకోడలు,
గ్రేసు