రెండో మెమో

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. పదవి ఊడిన నాయకుడికి రోజూ కట్టు మారుస్తున్నందుకు సంజాయిషీ ఇమ్మని మీ సూపరింటెండెంటు మెమో ఇచ్చాడా! ఆ నాయకుడు పదవిలో ఉండగా ఆస్పత్రికి వస్తే, వార్డులో రోగులను వదిలి పూలదండల వరసలో నిలబడలేదని నీకు మొదటి మెమో ఇచ్చిందీ ఈయనేగా. ఆనాడు ఆ నాయకుడి కాళ్లమీద పడ్డవాడు ఇప్పుడు "ఆయనెవరో నాకు సరిగా తెలియదు" అంటున్నాడా? నిజమే అయ్యుంటుంది. వంచిన నడుము ఎత్తితే కదా, ముఖం కనిపించేది.

"క్షమాపణ రాయకపోతే ఉద్యోగం పోతుందట, ఏం చేయను అమ్మమ్మా?" అని అడిగావు. రాయకు. ఆ నాయకుడంటే నాకేనాడూ గిట్టదు. అయినా నా మనవరాలు ఎవరి కట్టయినా ఒకేలా మారుస్తుందని వీధంతా చెప్పుకుని తిరుగుతున్నాను. ఉద్యోగం పోతే నా గదిలో ఇంకో మంచం వేయిస్తాను. క్షమాపణ రాశావో, గుమ్మంలోనే నిలబెడతాను.

నిన్ను చూసి మిడిసిపడుతున్న
అమ్మమ్మ