నారింజపండు దొర్లని ఇల్లు

ఫిబ్రవరి 9, శనివారం

ఇవాళ మా అన్న డెస్ వచ్చి స్టవ్ దగ్గర నేలమీద ఒక నారింజపండు పెట్టాడు. అది దొర్లుకుంటూ పోయి వెనక తలుపుకు కొట్టుకుంది. చూశావా నోలీన్, ఇది ఇల్లు కాదు, జారుడుబల్ల, కొన్నవాడు పడగొట్టుకుంటాడు, నువ్వు అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టు చాలు అన్నాడు. అమ్మానాన్నలు పోయాక ఇల్లు మా ఇద్దరిదీ. వాడికి బ్రిస్బేన్‌లో వేరే ఇల్లుంది. నాకు ఈ మేరీబరోలో ఇదొక్కటే. పెట్టను, నేనే సరిచేసుకుంటాను అన్నాను. నీకు మేకు కొట్టడం కూడా రాదు కదే అని నవ్వాడు. ఈస్టర్ శనివారం వస్తాను, అప్పటికి పండు దొర్లకుండా ఉంటే అమ్మకం మాటే ఎత్తను అన్నాడు.

వాడు చూస్తుండగానే ఆ పండు ఒలుచుకుని తిన్నాను. వాడికి ఒక్క తొన కూడా పెట్టలేదు.

ఫిబ్రవరి 16

ఇంటి కిందికి పాకాను. ఈ వీధిలో ఇళ్లన్నీ స్టంపుల మీదే, అంటే నేలలో పాతిన పొట్టి కొయ్య స్తంభాల మీదే నిలబడి ఉన్నాయి. మా వంటగది వైపు స్టంపుల్ని చెదలు తినేశాయి. స్క్రూడ్రైవర్ గుచ్చితే కేకులో దిగినట్టు దిగింది. అక్కడే ఒక పాము కుబుసం ఉంది. పాము ఎక్కడుందో నాకు అనవసరం.

ఫిబ్రవరి 23

పక్కింటి మెర్ల్ పోల్మన్ రెండు జాక్‌లు ఇచ్చింది. పోయిన వాళ్లాయన ట్రాక్టర్‌వి. ముసలి ఇల్లు అమ్మాయ్, రోజుకు గోరు మందం లేపు చాలు, ఒళ్లు విరుచుకోవడానికి దానికీ టైమివ్వు అంది. అలాగే అన్నాను. కానీ జాక్‌ను కాస్త పంపు కొట్టగానే ఇల్లు లేస్తుంటే ఎవరు ఆగుతారు? ఒక్క మధ్యాహ్నంలో బెత్తెడు లేపాను. కిటికీ అద్దం ఫట్‌మంది. గోడ నిలువునా పగిలింది.

ఫిబ్రవరి 24

మెర్ల్ వచ్చి గోడ చూసింది. టీ తాగి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మార్చి 10

రోజుకు గోరు మందమే. కుళ్లిన స్టంప్ తీయడం, గుంత తవ్వడం, ఇనుప స్టంప్ నిలబెట్టి కాంక్రీట్ పోయడం. మొదటిది వంకరగా గట్టిపడింది. పగలగొట్టి మళ్లీ పోశాను. నేను పనిచేసే స్కూల్ క్యాంటీన్‌లో సిమెంట్ పట్టిన నా గోళ్లు చూసి, నువ్వు శాండ్‌విచ్‌ల జోలికి రాకు తల్లీ, గిన్నెలు తోముకో అన్నారు. తోముకున్నాను.

డెస్ ఫోన్ చేసి, ఏం, ఇంకా కూలలేదా అన్నాడు. కూలితే ముందు నీకే చెప్తాను అన్నాను.

మార్చి 22

వాన. ఇంటి కింద బురద. అయినా దిగాను.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం

పండు కదల్లేదు. స్టవ్ దగ్గర పెట్టాను, సింక్ దగ్గర పెట్టాను, అసలు కదల్లేదు. నేలమీద కూలబడి ఏడ్చాను. సంతోషంతోనే.

ఏప్రిల్ 6, సాయంత్రం

బాత్‌రూమ్‌లో ఇరుక్కుపోయాను. కిటికీలోంచి కేకేస్తే మెర్ల్ వచ్చి తలుపు తన్నింది. చూస్తే ఇంట్లో ఒక్క తలుపూ సరిగ్గా లేదు. కొన్ని తెరుచుకోవు, కొన్ని మూసుకోవు.

విప్పి చూశాక అర్థమైంది. ఇల్లు ఒరిగినప్పుడల్లా నాన్న ఆ వాలుకు సరిపోయేలా తలుపుల అంచులకు చిత్రిక పట్టాడు. ఏ తలుపు చూసినా ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. ఇంటిని మాత్రం ముట్టుకోలేదు. అమ్మ గిన్నెల కింద అట్టముక్కలు పెట్టుకుంటూ వండేది. మేం ప్లేట్లు పట్టుకుని తినేవాళ్లం. లేపుదాం అని ఒక్కరూ అనలేదు. నాన్న మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఏప్రిల్ 20, ఈస్టర్ శనివారం

తలుపులన్నీ ఊడదీసి వరండాలో పేర్చాను. కొత్తవి నేనే చేసుకుంటాను. రాకపోతే నేర్చుకుంటాను.

డెస్ నా పండును నమ్మక తనే ఒకటి తెచ్చుకున్నాడు. స్టవ్ దగ్గర పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. ఊదాడు కూడా. అది కదల్లేదు. తలుపుల్లేని ఇంట్లో ఎవరుంటారే, నాన్న చూస్తే ఏం చేసేవాడు అన్నాడు. చిత్రిక తీసుకునేవాడు అన్నాను.

వాడు వరండాలోకి వెళ్లి తన చిన్నప్పటి గది తలుపు వెతికి పట్టుకుని, ఆ ఏటవాలు అంచు తడుముతూ నిలబడ్డాడు. తర్వాత, ఈ ఇంట్లో నువ్వే ఉండు పోవే అన్నాడు.

ఏప్రిల్ 21

బాత్‌రూమ్‌కి తలుపు లేదు కాబట్టి లోపలున్నంతసేపు పాట పాడుతున్నాను. డెస్ ఇంకా వెళ్లలేదు. పొద్దున వాడూ పాడాడు.