కఫీల్ లేని కాయిన్

నిజ్వా, ఒమన్, గురువారం రాత్రి

రాజన్న ఇవాళ నేను వండిన పప్పు ముట్టలేదు. పక్క మంచం మీద కూర్చుని రొట్టె చాయ్‌లో ముంచుకుని తిన్నాడు.

పొద్దున పని సైట్‌లో ఉండగా మా క్రిప్టో గ్రూపులో ఒక్క మాట అడిగాను: మన కాయిన్ రేటు ఇంతలా పడుతోంది, ఎవరైనా అమ్ముకుంటున్నారా అని. ద్రోహి అన్నారు, పిరికివాడన్నారు. చివరికి గ్రూపులోంచే తీసేశారు. తీసేసింది రాజన్నే.

రూమ్‌కొచ్చాక అడిగాను, "ఏందన్నా, అడిగితే గూడ తప్పేనా?"

గోడవైపు తిరిగే అన్నాడు. "నువ్వడిగితే అందరడుగుతరు తమ్మీ. గాళ్లందర్ని చేర్పిచ్చింది నేను. మా బామ్మర్దులు సుత ఉన్నరు గండ్ల."

కోపమనుకున్నాను. భయమన్నమాట.

ఈ కాయిన్‌కు మన వీసా గుప్పిట్లో పెట్టుకునే యజమాని, కఫీల్ లేడు, ఎవరి చేతిలోనూ పాస్‌పోర్ట్ పెట్టక్కర్లేదు, ఎవరికీ సలాం కొట్టక్కర్లేదు అని నన్ను చేర్పించింది ఇతనే. ఆ మాటకే పడిపోయాను. ఇప్పుడు నోరు తెరవాలంటే ఇతన్ని అడగాలి.

రేపు వంట వంతు రాజన్నది. మనిషికో గ్లాసు చొప్పున బియ్యం పోస్తాం. నా గ్లాసు పోస్తాడో, లేదో...