ఎడమ పక్క కారు

అక్కకు,

ఇక్కడ నేనూ, నీ మరదలూ, అమ్మా బాగానే ఉన్నాం. అక్కడ బావా, నువ్వూ, చిన్నదీ కులాసాగా ఉన్నారనుకుంటాను. అమ్మ మోకాలి గురించి అడిగావు. నొప్పి తగ్గింది, దాని గురించి చెప్పడం మాత్రం తగ్గలేదు.

"ఆఫీసు నుంచి వచ్చి ఇంకా ఆ ఆటలే తయారుచేస్తున్నావా? ఎవరైనా ఆడతారా?" అని కూడా అడిగావు. పోయిన నెల పెట్టిన ఆటను పదకొండు మంది ఆడారు. అందులో ఒకరు నీ మరదలు, మొహమాటానికి. ఆటలెలా చెయ్యాలో వివరంగా రాసి ఇంటర్నెట్‌లో పెట్టే పాఠాలను మాత్రం చాలామందే చదువుతున్నారు. ఈమధ్య పెట్టిన పాఠం మన చిన్నప్పటి కార్ల పందెం ఆట గురించి. అప్పట్లో ఆ ఆటను రికార్డు చేసి దాచిన టేపు క్యాసెట్టు ఇంకా నా దగ్గర భద్రంగా ఉంది.

నాన్న ఆఫీసులో మూల పడేసిన కంప్యూటర్‌ని తెచ్చి ముందుగది టీవీకి తగిలించారు, గుర్తుందా? నువ్వు నేలమీద బాసింపట్టు వేసుకుని, పత్రికలో అచ్చయిన ప్రోగ్రాం పైకి చదివేదానివి. నేను టైపు చేసేవాణ్ణి. సెమికోలన్‌ని "చుక్కా తోకా" అనేదానివి. సగంలో ఉండగా అమ్మ వచ్చి "వార్తలొస్తాయి, లేవండర్రా" అనేది. ఆట నడవకపోతే నేను ఏడుపు మొహం పెట్టేవాణ్ణి. నువ్వు తెరకేసి కాసేపు చూసి, "నూట పదో లైన్లో సున్నా కొట్టమంటే 'ఓ' కొట్టావురా" అనేదానివి. ప్రతిసారీ తప్పు పట్టుకున్నది నువ్వే. ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

చిన్నది బళ్ళో కంప్యూటర్ క్లాసులో చేరతానని ఫారం తెచ్చిందనీ, నువ్వు సంతకం పెట్టలేదనీ రాశావు. "అది నా పోలికే, దానికీ ఇవి అచ్చిరావు. నేను చూడు, మొదట్లో ఏదో గుడ్డిగా గెలిచాను గానీ, తర్వాత నీ ముందు నిలవలేకపోయాను" అన్నావు. అది చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఫోన్లో చెబితే నవ్వేసి మాట మార్చేస్తావని రాస్తున్నాను. కార్ల పందెం తయారైన మొదటి వారమంతా నువ్వే గెలిచావు. చుట్టాల ముందు కూడా గెలిచావు. నేను ఉడికిపోయాను. నువ్వు పిన్ని వాళ్ళింటికి వెళ్ళిన మధ్యాహ్నం ప్రోగ్రాంలో రెండు లైన్లు చేర్చాను. ఎడమ పక్క కారు నీది కదా, ప్రతి పదో అడుగుకీ అది ఒక్క క్షణం ఆగుతుంది. చూస్తుంటే తెలియదు. పందెం ముగిసేసరికి మాత్రం వెనకబడిపోతుంది.

ఇక అప్పటి నుంచి ఓడిపోతూ వచ్చావు. వేసవి అయ్యేలోగా ఆట మానేశావు, నాకు ప్రోగ్రాం చదివి పెట్టడమూ మానేశావు. కాలేజీలో కంప్యూటర్ గ్రూపు వచ్చినా "నాకు అచ్చిరాదులే" అని వదిలేశావు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. మరిచిపోయానంటే అబద్ధం, అక్కా. చెప్పడానికి మొహం చెల్లలేదు. మొన్న పాఠం చదివినవాళ్ళెవరో "ఎడమ కారు మధ్యమధ్యలో ఎందుకు ఆగుతోంది?" అని అడిగితే, పాత పొరపాటు అని జవాబిచ్చాను. అక్కడా అబద్ధమే. నిన్న అది చెరిపేసి, ఉన్నదున్నట్టు రాశాను.

ఇంకో సంగతి. ఆగిపోయే ఆ కారుతో కూడా నన్ను రెండుసార్లు ఓడించావు. ఎలా ఓడించావో నాకిప్పటికీ అంతుపట్టదు.

నన్ను తిట్టాలనుంటే తిట్టు, పడతాను. ఫారం మీద మాత్రం సంతకం పెట్టు. ఇన్నాళ్ళూ ఎందుకు వద్దన్నావని చిన్నది అడిగితే, నాకు అచ్చిరాలేదని చెప్పకు. మావయ్య నా కారు ఆపేశాడని చెప్పు.

ఇట్లు,
నీ చేతిలో రెండుసార్లు న్యాయంగా ఓడిన
తమ్ముడు